పసుపు గుర్తు

నరసరావుపేట,
12 జూన్ 2024

మా ఇంటి ఇంజనీరు సమ్రీన్‌కి మజీద్ మామూ సలాములు.

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడి ఉంటావు. ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటున్నావేమో. గుంటూరు డాక్టరమ్మ నా నోటికి తాళం వేసింది. మాట వద్దంది, గుసగుస అసలే వద్దంది. వాట్సాప్‌లో కొట్టమని మా ఆవిడ, అదే మీ ముమానీ హజ్రా, ఫోను చేతిలో పెట్టింది. నేను ఒక అక్షరం మీద వేలు పెడితే పక్కనున్న రెండూ పడుతున్నాయి. తెలుగులో ఇంత పేరున్న మనిషిని, తప్పులతో నీకు పంపి పరువు పోగొట్టుకోలేను. నువ్వూ కాగితం మీదే రాయి.

సంగతి చెబుతాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ ఆటోలో, సాయంత్రం ఇంకో పార్టీ ఆటోలో మైకు పట్టి అరిచాను కదా. గొంతు బొంగురుపోయింది. ఎన్నికలు అయిపోయాయి, ఫలితాలూ వచ్చాయి, బొంగురు మాత్రం పోలేదు. మీ అమ్మ గోల పడలేక గుంటూరు వెళ్ళాను. స్వరపేటికలో గడ్డ ఉందన్నారు, ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్. ఆ మాట రాయడానికి పెన్ను కాసేపు ఆగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

డాక్టర్ పూర్ణిమ గారు తెలివైన మనిషి. దాపరికం లేకుండా చెప్పింది. "మూడు విడతలు మందు ఎక్కిస్తాం మజీద్ గారూ. తర్వాత మళ్ళీ స్కాన్. గడ్డ సగానికి పైగా కరిగితే కరెంటు పెట్టి, అదే రేడియేషన్‌తో, గొంతు కాపాడదాం. కరక్కపోతే స్వరపేటిక మొత్తం తీసెయ్యాల్సిందే," అంది. నా బతుకంతా ఆ సగం మీద ఆధారపడి ఉందన్నమాట. పేటలో కొత్త బట్టల కొట్టు తెరిచినా, ముప్పాళ్ళలో పురుగుమందుల కంపెనీ వాళ్ళు మీటింగు పెట్టినా, కోటప్పకొండ తిరునాళ్ళలో పిల్ల తప్పిపోయినా ముందు వినపడేది నా గొంతే. అది లేకపోతే నేను ఎవరిని?

ఇప్పుడు అసలు మాట. కరిగిందో లేదో ఎట్లా తెలుస్తుందని పలక మీద రాసి అడిగాను. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, అదే కొలిచి చెబుతుందని కంప్యూటర్ చూపించింది. తెర మీద మీ కంపెనీ పేరు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పల్నాడు బస్టాండులో అందరికీ పలక మీద రాసి చూపించాను, నా గొంతు కొలిచేది మా మేనకోడలే, షహనాజ్ కూతురే అని. నీ చేతిలో పడ్డాక నాకు భయమేమిటి.

మాట్లాడే భాగ్యం లేని
మీ మామూ


హైదరాబాద్,
19 జూన్ 2024

మామూ, అస్సలాము అలైకుం.

అమ్మీ ఫోన్లో ముందే చెప్పింది. మీ అక్షరాల్లో చదివాక గానీ నమ్మబుద్ధి కాలేదు. ఆఫీసులో మీటింగ్ రూమ్ తలుపేసుకుని ఏడ్చాను. ఆ తర్వాత పలక పట్టుకుని బస్టాండంతా తిరిగే మిమ్మల్ని తలుచుకుని నవ్వొచ్చింది. మీరు రెండు పనులూ చేయించారు నాతో.

ఒక్క విషయం మాత్రం సరిదిద్దాలి. మీ గొంతు కొలిచేది నేను కాదు. ఇదివరకు డాక్టర్లు స్కాన్‌లో గడ్డ మీద ఒక గీత గీసి దాని పొడవు చూసుకునేవాళ్ళు. ఇద్దరు గీస్తే రెండు పొడవులు వచ్చేవి. మా సాఫ్ట్‌వేర్ పాత స్కాన్నీ కొత్త స్కాన్నీ పక్కపక్కన పెట్టి, గడ్డ చుట్టూ అంచు పట్టుకుని, మొత్తం ఎంత తగ్గిందో ఎంత పెరిగిందో లెక్క చెబుతుంది. ఆ అంచు సరిగ్గా ఉందని డాక్టర్ ఒప్పుకోవాలి. ఇదంతా ఆస్పత్రి కంప్యూటర్లోనే జరుగుతుంది. మీ బొమ్మ నాకు కనపడదు, కనపడకూడదు కూడా.

అందులో నా పని ఏమిటంటే, అసలు ఆ రెండు బొమ్మలూ పోల్చడానికి పనికొస్తాయా లేదా చూసే భాగం రాయడం. స్కాన్ తీసేటప్పుడు మనిషి కదిలినా, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా ఊపిరి పట్టినా బొమ్మ మోసం చేస్తుంది. అప్పుడు తెర మీద పసుపు గుర్తు వస్తుంది, లెక్క రాదు. మళ్ళీ స్కాన్ తీయాలి. మా టీమ్ లీడ్ క్రాంతి కుమార్‌కి ఆ గుర్తంటే పడదు. డాక్టర్లు విసుక్కుంటున్నారు, కాస్త మెత్తగా చెయ్యమంటాడు. నేను ఒప్పుకోవడం లేదు. మొండితనం నాకు ఎవరి నుంచి వచ్చిందో మీకు తెలుసు.

ఇంకొకటి. ఆస్పత్రిలో నా పేరు దయచేసి చెప్పకండి. మందు పడ్డాక నోట్లో పుండ్లు లేస్తాయట, కారం తగ్గించండి. ముమానీకి సలాం.

మీ
సమ్రీన్


నరసరావుపేట,
21 జూలై 2024

సమ్రీన్‌కి, గుండు మామూ ఆశీస్సులు.

రెండో విడతకే జుట్టంతా రాలిపోయింది. పీర్ల పండగకి వచ్చిన చుట్టాలు నన్ను గుర్తుపట్టక హజ్రాని పరామర్శించి వెళ్ళారు. నోట్లో పుండ్ల సంగతి నువ్వు చెప్పినట్టే జరిగింది. పప్పన్నం కూడా మంటే. పల్నాడులో పుట్టి కారం లేకుండా తినాల్సి వచ్చింది, ఇంతకంటే శిక్ష ఏముంటుంది.

ఆటో, మైకు సెట్టు సుభానీ చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చుని బండి తోలాడు కానీ మైకు పట్టడం రాలేదు వాడికి. మొన్న శావల్యాపురంలో పత్తి విత్తనాల గురించి చెబుతుంటే చావు కబురు చెబుతున్నట్టుందట. "ఏంది మావా, మజీద్ భాయ్ లేడా? ఈయనెవురో నిద్రలో మాట్లాడతన్నాడే," అని జనం అడిగారట. వాడే వచ్చి చెప్పుకుని బాధపడ్డాడు. నాకు కొంచెం సంతోషం కలిగింది, అల్లా క్షమించుగాక.

నా పని నేను మర్చిపోకుండా మనసులోనే అనౌన్స్‌మెంట్లు చెప్పుకుంటున్నాను. పెదవి కదలదు, శబ్దం రాదు. లోపల మాత్రం అంతా నడుస్తుంది. డాక్టరమ్మ మాట కాదన్నట్టు కాదు కదా.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పసుపు గుర్తు తాళంచెవి నీ దగ్గర ఉందని అర్థమైంది. ఇక నాకు దిగులు లేదు. ఆస్పత్రిలో పేరు చెప్పొద్దన్నావు. మైకు మజీద్ మేనకోడలివని పెద్ద డాక్టర్లకి తెలిస్తే నీకు నామోషీ కాబోలు. ఉండొచ్చు. ఆటో మీద అరిచి బతికేవాడిని. చెప్పనులే.

మీ మామూ


హైదరాబాద్,
29 జూలై 2024

మామూ,

సలాం తర్వాత చెబుతాను, ముందు పోట్లాడాలి. నామోషీ అన్న మాట మీ చేతికి ఎలా వచ్చింది?

మా ఆఫీసులో అందరూ తమ ఊరి గురించి చెప్పుకుంటుంటే నేను చెప్పేది మీ గురించే. చిన్నప్పుడు తిరునాళ్ళలో మీ పక్కన యాంప్లిఫైయర్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరి పిల్లో ఏడుస్తూ ఉండేది. మీరు ఆ పిల్ల పేరు, గౌను రంగు, కాలికున్న పట్టీలు చెప్పేవాళ్ళు. ప్రభల డప్పులు దాటి మీ గొంతు వెళ్ళేది. ఆ తల్లి పరిగెత్తుకుంటూ వచ్చేది. శివరాత్రికి కొండ మీద ఒక సాయిబు గొంతు అంత నమ్మకంగా వినేవాళ్ళు జనం. మా మామూ అని చెప్పుకోవడానికి నాకు నామోషీనా? అంత గర్వం నాకు నా డిగ్రీ మీద లేదు.

పేరు చెప్పొద్దన్నది వేరే కారణానికి. మీరు నా మనిషని తెలిస్తే డాక్టరు గారు మొహమాటపడొచ్చు. నా మీది నమ్మకంతో ఒక అనుమానం వదిలేయొచ్చు. ఆవిడ నా మొహం చూసి కాదు, మీ గొంతు చూసి నిర్ణయించాలి.

తాళంచెవి కూడా నా దగ్గర లేదు. ఒకసారి రాసి ఇచ్చాక అది ఎవరి మాటా వినదు, నా మాట కూడా. అలా రాశాను కాబట్టే దానికి విలువ. ఇది అర్థమైందని నాకు రాయండి.

సమ్రీన్


నరసరావుపేట,
24 ఆగస్టు 2024

సమ్రీన్,

ఈసారి మర్యాదలు లేవు. కోపంగా రాస్తున్నాను.

మూడో విడత అయ్యాక సోమవారం స్కాన్ తీశారు. అక్కడి చిన్న డాక్టరు ప్రసన్న తెర చూస్తూనే, "చానా తగ్గినట్టుందండీ, సగంపైనే పోయినట్టుంది," అన్నాడు. కెమెరా వేసి చూసినప్పుడు కూడా పైపైన శుభ్రంగానే ఉందన్నారు. నేను ఊరుకుంటానా. ఇంటికి ఫోన్ చేయించాను. సుభానీ మిఠాయి పెట్టె కొని బస్టాండులో పంచాడు. నేను గుంటూరులో బస్సెక్కేలోపే మజీద్ గొంతు దక్కిందని ఊరంతా తెలిసింది. మీ అమ్మ నమాజు చేసి ఏడ్చింది.

మర్నాడు డాక్టర్ పూర్ణిమ గారు పిలిపించారు. తెర మీద నీ పసుపు గుర్తు. లెక్క రాలేదు. "ఈ స్కాన్‌ని నమ్మి నేను నిర్ణయం చెప్పలేనండి, మళ్ళీ తీయాలి," అంది. ప్రసన్న డాక్టరు పోనీ చేత్తో కొలుద్దామన్నాడు, ఆమె వినలేదు.

నేను కదల్లేదు బిడ్డా. రాయిలా పడుకున్నాను. భయం వేయకుండా లోపల్లోపల తిరునాళ్ళ అనౌన్స్‌మెంట్ మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నాను, అంతే. చెయ్యి కదల్లేదు, కాలు కదల్లేదు. నీ మిషను అబద్ధం చెబుతోంది.

బస్టాండులో జనం అడుగుతున్నారు. నేను ఏమని రాయను పలక మీద? మా మేనకోడలు చేసిన యంత్రమే నా నోటికాడి ముద్ద లాక్కుందని రాయనా? నీకు అక్కడ అంత మాట చెల్లుతుందని తెలుసు. మీ క్రాంతి కుమార్ మెత్తగా చెయ్యమన్నాడని నువ్వే రాశావు. చేయించు. మా ఆస్పత్రి ఒక్కదానికైనా ఆ గుర్తు తీయించు. నీ నుంచి నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

మజీద్


హైదరాబాద్,
28 ఆగస్టు 2024

మామూ,

తీయించను.

ఆ ఒక్క మాట రాయడానికి నాకు ఎంత కష్టమైందో అల్లాకి తెలుసు. ఇప్పుడు ఎందుకో వినండి.

మీరు చేతులు కదల్చలేదు, కాళ్ళు కదల్చలేదు. గొంతు కదిల్చారు. లోపల్లోపల చెప్పుకున్నా సరే, అలవాటున్న గొంతు దాని పని అది చేస్తుంది. స్వరతంతువులు దగ్గరకొస్తాయి, దూరమవుతాయి. ముప్ఫై ఏళ్ళు మైకు పట్టినవాళ్ళకి మరీను. స్కాన్ తీస్తున్నది సరిగ్గా ఆ చోటే. గడ్డ అంచు చెదిరిపోయి మామూలు కండలో కలిసిపోయినట్టు కనపడుతుంది. అందుకే ప్రసన్న గారికి తగ్గినట్టు అనిపించి ఉంటుంది. నిజంగానే తగ్గి ఉండొచ్చు. తగ్గకపోయి కూడా ఉండొచ్చు. ఆ బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు, అంతే నా గుర్తు చెప్పేది.

మీ బొమ్మ నేను చూడలేదు, ఇదంతా మీరు రాసింది చదివి ఊహిస్తున్నాను. ఈ ఉత్తరం డాక్టరు గారికి చూపించకండి. స్కాన్‌లో ఏం చేశారో మాత్రం మీ చేత్తో మీరే రాసి చూపించండి.

మీ గొంతు మిగలాలని మీ కంటే నాకే ఎక్కువ ఆశ ఉందేమో. కానీ తప్పుడు లెక్కతో మిగిలిన గొంతు మిమ్మల్ని మిగల్చదు. మళ్ళీ స్కాన్‌కి వెళ్ళండి. లోపల కూడా నిశ్శబ్దంగా ఉండండి. మింగొద్దు, పాటలొద్దు, దువా కూడా ముందే చదువుకోండి. మెల్లగా ఊపిరి తీసుకుంటూ పడుకోండి.

నన్ను ఎంత తిట్టుకున్నా సరే, వెళ్ళండి.

సమ్రీన్


హైదరాబాద్,
9 సెప్టెంబర్ 2024

మామూ, అస్సలాము అలైకుం.

మీ నుంచి ఉత్తరం లేదు. స్కాన్ అయిందని మాత్రం అమ్మీ చెప్పింది, ఏం వచ్చిందో మీరు ఎవరికీ చెప్పడం లేదట. మా వీధిలో వినాయక చవితి పందిరి వేశారు. ఎవరో కుర్రగొంతు మైకులో చందాల పేర్లు చదువుతోంది, పేర్లన్నీ తప్పులే. మీరుంటే ఊరుకునేవాళ్ళు కాదు. ఒక్క ముక్కైనా రాయండి.

సమ్రీన్


నరసరావుపేట,
14 సెప్టెంబర్ 2024

సమ్రీన్‌కి,

వెళ్ళాను. లోపల కూడా నోరు మూసుకుని పడుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు.

ఈసారి పసుపు గుర్తు రాలేదు. లెక్క వచ్చింది. గడ్డ తగ్గింది, అయితే మూడో వంతు కూడా కాదు. వెనక వైపు అసలు తగ్గలేదు. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి అంచు మొత్తం వేలితో చూపించింది. నాకే కనపడింది. వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఈ నెల చివర్లో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. మెడ దగ్గర చిన్న దారి చేస్తారట, ఊపిరి అక్కడి నుంచి. మిఠాయి తిన్నవాళ్ళందరికీ సుభానీయే చెప్పాడు.

ఆపరేషన్ లోపు నువ్వు రావద్దు. తర్వాత రా.

మజీద్


హైదరాబాద్,
19 సెప్టెంబర్ 2024

మామూ,

రావద్దన్నారు కాబట్టి రావడం లేదు. బ్యాగు సర్ది తలుపు దగ్గర పెట్టి మళ్ళీ తీశాను.

క్రాంతి కుమార్‌కి మీ సంగతి చెప్పాను, పేరు లేకుండా. "ఆ గుర్తు అట్లాగే ఉండనీ," అన్నాడు చివరికి. వేరే రోజయితే నేను ఆఫీసులో గెంతేదాన్ని. ఈ రోజు నా డెస్క్ దగ్గరికి వచ్చి కూర్చున్నాను, అంతే.

నేను చేసింది తప్పని అనుకోవడం లేదు మామూ. మళ్ళీ రాయమన్నా ఆ గుర్తు అలాగే రాస్తాను. కానీ మీ గొంతు తీసుకున్నది నేనే అనిపిస్తోంది. ఈ రెండూ కలిపి ఎలా మోయాలో తెలియడం లేదు. మీరు నన్ను చూడకూడదనుకున్నా నేను అర్థం చేసుకుంటాను.

సమ్రీన్


నరసరావుపేట,
27 అక్టోబర్ 2024

నా సమ్రీన్‌కి, మీ మామూ బతికే ఉన్నాడు, సలాములు అందుకో.

ఇంటికొచ్చి వారమైంది. మెడ దగ్గర నుంచి ఊపిరి తీసుకోవడం మొదట్లో వింతగా ఉంది, ఇప్పుడు అలవాటవుతోంది. సాంబారు వాసన తెలియడం లేదు, అది మాత్రం దారుణం. కొన్నాళ్ళకి చిన్న కవాటం లాంటిది పెట్టి కొంచెం మాట్లాడిస్తారట. అది మైకు గొంతు కాదు. హజ్రాని పిలవడానికి సరిపోతుంది.

ముందు నీ తలలో ఉన్న చెత్త తీసేస్తాను. రావద్దన్నది నీ మీద కోపంతో కాదు. ఆపరేషన్ ఖాయం కాగానే ఇక దాచుకునేదేముంది, మాట్లాడుకోండి అని డాక్టరమ్మ తాళం తీసింది. బొంగురు గొంతుతోనే హజ్రాతో మాట్లాడటం మొదలుపెట్టాను. అప్పుడు అంది ఆమె, "ఊరందరికీ చెప్పావ్, ఇంట్లో ఏనాడు మాట్లాడావ్ నువ్వు?" అని. నిజమే కదా. బయట అరిచి అరిచి ఇంటికొచ్చి సైగలు చేసేవాడిని. మిగిలిన ఆ రెండు వారాల మాటంతా ఆమెకే ఇచ్చేశాను. నువ్వు వస్తే నీకూ పంచాలి, ఆమెకి తగ్గుతుంది. మామూ స్వార్థపరుడే, ఒప్పుకుంటాను.

ఇక రెండోది. తీసిన ముక్కని పరీక్ష చేశారు. గడ్డ వెనక నుంచి మెత్తటి ఎముకలోకి దూరిపోయిందట. పసుపు గుర్తొచ్చిన ఆ స్కాన్ నమ్మి కరెంటు పెట్టి ఉంటే అది లొంగేది కాదని, తెలిసేసరికి చేయి దాటిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు కోసిన చోట అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయట, గడ్డ మిగల్లేదట. నా గొంతు నువ్వు తీయలేదమ్మా. గొంతుని తీసుకుంది ఆ గడ్డ. నన్ను దానికి ఇవ్వనిది నువ్వు.

ఆస్పత్రి నుంచి పంపే ముందు రోజు డాక్టర్ పూర్ణిమ గారు కొత్త డాక్టర్లని వెంటబెట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చారు. ల్యాప్‌టాప్‌లో నా రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూపించారు. "ఇదిగో, ఈ పసుపు గుర్తు. ఇది రాకపోతే మనందరం మోసపోయేవాళ్ళం. ఎవరు రాశారో గానీ, మంచి పని చేశారు," అన్నారు. ప్రసన్న డాక్టరు తల వంచుకున్నాడు, మంచి కుర్రాడు.

నిర్ణయం అయిపోయింది, ఆపరేషనూ అయిపోయింది. ఇక మొహమాటం ఏముంది అనుకున్నాను. పలక కోసం చూస్తే లేదు, హజ్రా కడగడానికి పట్టుకెళ్ళింది. వాళ్ళు వెళ్ళిపోతున్నారు. ముప్ఫై ఏళ్ళు ఊరికి ఊరినే ఆపిన నేను ఆ నలుగురిని ఆపలేకపోయాను. మంచం ఇనప రాడ్డు మీద గట్టిగా కొట్టాను. అందరూ తిరిగారు. తెర మీద పసుపు గుర్తుని వేలితో చూపించాను, ఆ చెయ్యి తెచ్చి నా గుండె మీద పెట్టుకున్నాను.

డాక్టరమ్మకి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ గుర్తుని చూపించి, గాలిలో టైపు కొట్టి, జడ అల్లినట్టు సైగ చేసి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. అప్పుడు ఆమె మొహం మారిపోయింది. దగ్గరికి వచ్చి, "మీ అమ్మాయా?" అని మెల్లగా అడిగింది.

నీ పేరు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. మేనకోడలని దిద్దడానికి పలక లేదు. దిద్దాలని నాకు అనిపించనూ లేదు. తల ఊపాను.

మీ మామూ